ఇది దేనికి?

తిరుగు రైలు ఖరగ్‌పూర్ దాటాక మా మేనేజరు ఫోను తీసి లెక్కలు మొదలుపెట్టాడు. నలుగురం కలిసి ఎక్కడికి వెళ్ళినా లెక్క రాసేది వాడే. పాతికేళ్ళుగా బ్యాంకు ఉద్యోగం, అందుకే ఆ పేరు. మిగతా ఇద్దరిలో ఒకడు కాలేజీలో పాఠాలు చెప్పే మాస్టారు, ఇంకొకడు ఇళ్ళు కట్టే కంట్రాక్టరు. శ్రీకాకుళంలో కలిసి చదువుకున్నాం, ఇప్పుడు అందరం యాభై దగ్గర పడ్డాం. ఏడాదికోసారి శనాదివారాలు కలిసొచ్చేలా చూసుకుని ఏదో ఒక ఊరికి పోతుంటాం. ఈసారి కలకత్తా.

గదుల అద్దె, టాక్సీలు, శనివారం రాత్రి పార్క్ స్ట్రీట్ బిల్లు, ఇంటికి పట్టుకెళ్తున్న సందేశ్ డబ్బాలు, అన్నీ నాలుగు భాగాలు చేసుకుంటూ వచ్చి ఒక పద్దు దగ్గర ఆగాడు. "ఒరేయ్, రాత్రి ఆ రిక్షా అతనికి నువ్వు విడిగా ఇచ్చిన వంద ఉంది చూడు. అది అందరి ఖర్చా, నీ సొంతమా? అసలది దేనికిరా?"

ముందు రోజు రాత్రి ఆ రిక్షా లాగే మనిషి కూడా నన్ను సరిగ్గా ఇదే అడిగాడు. అప్పుడూ చెప్పలేకపోయాను, రైల్లోనూ వెంటనే చెప్పలేకపోయాను. ఇది రాస్తున్నది ఆ జవాబు కోసమే.

కలకత్తా మాకు చూడకముందే తెలిసిన ఊరు. మా తరం వాళ్ళిళ్ళల్లో శరత్ నవలలు తెలుగులో ఉండేవి, ఆయన బెంగాలీ వాడన్న సంగతి మా అమ్మకి చాలా ఆలస్యంగా తెలిసింది. శుక్రవారం రాత్రి విశాఖలో రైలెక్కి, మర్నాడు హౌరాలో దిగి, సామాను భుజాలకి తగిలించుకునే వంతెన మీద నడిచాం. 1943లో తెరిచిన ఆ వంతెనలో నట్టూ బోల్టూ లేదని, అంతా రివెట్లేనని కంట్రాక్టరు తల పైకెత్తి ఒక్కో దూలాన్నీ చూపిస్తూ ఉంటే వెనక నుంచి కూలీలు మమ్మల్ని తప్పుకోమని అరుస్తున్నారు. వంతెన కింద పూల బజారులో బంతిపూల దండలు తాళ్ళ కట్టల్లా పోసి ఉన్నాయి. మధ్యాహ్నం బిర్యానీలో గుడ్డు పక్కన బంగాళాదుంప కనిపించేసరికి "ఇదేట్రా, కూరలో పడాల్సింది ఇందులో పడింది" అన్నాడు మేనేజరు. 1856లో రాజ్యం పోగొట్టుకుని ఈ ఊరికి వచ్చిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా వంటవాళ్ళతో ఈ బిర్యానీ వచ్చిందని మాస్టారు పాఠం చెప్పేలోపు వాడి దుంప వాడు తినేశాడు, మాస్టారి దుంప కూడా తీసుకున్నాడు.

సాయంత్రం కాలేజ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాలు, తలపాగాలు చుట్టుకున్న సర్వర్లు తిరిగే కాఫీ హౌస్. రాత్రి పార్క్ స్ట్రీట్. 1960ల చివర్లో ఉషా ఉతుప్ చీర కట్టుకుని ట్రింకాస్‌లో ఇంగ్లీషు పాటలు పాడిన వీధి అది. ఇప్పటికీ అక్కడ కొన్ని చోట్ల బ్యాండు వాయిస్తారు. మేం కూర్చున్న చోట మా వయసు వాళ్ళే ఎక్కువ. గాయకుడు పాత హిందీ పాట ఎత్తుకుంటే చుట్టుపక్కల బల్లలన్నీ కలిసి పాడాయి. కాలేజీ రోజుల తరవాత మాస్టారు నోరు తెరిచి పాడటం నేను చూడలేదు. ఆ రెండు గంటలు నిజంగా సంతోషంగా ఉన్నాం. ఇది ముందే చెప్పాలి. తరవాత చెప్పబోయేది విని ఆ సంతోషం తప్పన్నానని ఎవరైనా అనుకుంటే, నేనలా అనటం లేదు.

బయటికొచ్చేసరికి పదకొండు దాటింది, ఆషాఢం వాన. రోడ్డు కనిపించటం లేదు, మోకాళ్ళ లోతు నీళ్ళు. టాక్సీలు రామన్నాయి, ఫోన్లో పిలిచిన కారు రద్దయింది. మా బస ఒక కిలోమీటరు దూరంలో, ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పక్క సందులో. మాస్టారికి మోకాలి నొప్పి, ఆ నీళ్ళలో గుంత ఎక్కడుందో తెలియకుండా నడవలేడు. అప్పుడు గంట చప్పుడుతో రెండు రిక్షాలు వచ్చాయి. సైకిలు రిక్షాలు కావు. రెండు పెద్ద చక్రాలు, రెండు పొడవాటి నొగలు, ఆ నొగల మధ్య మనిషి. ఇలాంటివి ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయని తెలుసు. బిమల్ రాయ్ 'దో బీఘా జమీన్' చూసినవాణ్ణి, బల్‌రాజ్ సహానీ ఇవే వీధుల్లో లాగటం చూసినవాణ్ణి. కానీ అది 1953 నాటి సినిమా.

రిక్షాకి వంద. మాస్టారూ మేనేజరూ ఒకదానిలో ఎక్కారు. రెండోదానిలో కంట్రాక్టరు ఎక్కి పక్కకి జరిగాడు. నేను ఎక్కలేదు. "నడిచొస్తాను" అన్నాను. "ఒకరైనా ఇద్దరైనా అదే కిరాయి, ఎక్కండి బాబూ" అన్నాడు లాగే మనిషి హిందీలో. అరవై ఏళ్ళుంటాయేమో, సన్నటి మనిషి, లుంగీ పైకి కట్టి ఉంది. నేను తల అడ్డంగా ఊపి రిక్షా పక్కనే నీళ్ళలో నడిచాను. దారిలో రెండుసార్లు నా కాలు గుంతలో పడింది, రెండుసార్లూ అతను బండి ఆపాల్సి వచ్చింది. నిలిచిన బండిని నీళ్ళలో మళ్ళీ కదిలించటం ఎంత కష్టమో అతని మెడ నరాలు చూస్తే తెలుస్తూనే ఉంది. బస దగ్గర కంట్రాక్టరు వంద ఇచ్చాడు. నేను ఇంకో వంద తీసి చేతిలో పెట్టాను. అతను నోటు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఇది దేనికి బాబూ?"

నేనేమీ అనలేదు. అతను నోటు లుంగీ మడతలో దోపుకుని, గంట నొగకి కొట్టుకుంటూ, ఇంకో బేరం కోసం పార్క్ స్ట్రీట్ వైపే తిరిగి వెళ్ళిపోయాడు.

ఎందుకెక్కలేదంటే చెప్పటానికి నా దగ్గర మంచి మాటలున్నాయి. మనిషిని మనిషి లాగటం చూడలేను. జపాన్‌లో ఈ బండి పుట్టినప్పుడు దాని పేరు జిన్‌రికిషా. జిన్ అంటే మనిషి, రికి అంటే బలం, షా అంటే బండి. మన దాకా వచ్చేసరికి పేరులోంచి 'జిన్' జారిపోయింది. బండీ బలమూ మిగిలాయి, మనిషి లేడు. ఇది నేను ఒక్కణ్ణే అనుకున్న మాట కూడా కాదు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం దీన్ని అమానుషమని చెప్పి, 2006లో శాసనసభలో నిషేధం బిల్లు పెట్టి నెగ్గించింది కూడా.

గదికి వెళ్ళి తువ్వాలుతో తలలు తుడుచుకుంటుంటే ఇదంతా చెప్పాను. కంట్రాక్టరు మంచం మీద కూర్చుని బూట్లలో నీళ్ళు వంచుతూ విన్నాడు. "మీ ఇంటి స్లాబు వేసిన రోజు నువ్వు వచ్చావు. గుర్తుందా?" అన్నాడు. ఉంది. "కాంక్రీటు తట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు రెండంతస్తులు ఎక్కారు. పొద్దున్నుంచి రాత్రి దాకా. నువ్వు అందరికీ కూల్‌డ్రింకులు తెప్పించి ఫోటోలు దిగి వెళ్ళావు. ఆ ఇంట్లో పడుకుంటున్నావు కదా, నడిచొస్తానని వీధిలో పడుకోవట్లేదు కదా."

నా దగ్గర జవాబు లేదు. ఆ తట్ట బరువు ఈ రిక్షా బరువు కన్నా తక్కువేమీ కాదు, ఆ మెట్లు ఈ నీళ్ళ కన్నా సుఖమూ కాదు. తేడా ఒకటే. స్లాబులో మోసిన మనిషి కనపడదు. రిక్షాలో నా సుఖం, అతని శ్రమ రెండూ ఒకే చోట, ఆరడుగుల దూరంలో ఉంటాయి. నేను ఓర్చుకోలేకపోయింది శ్రమని కాదు, అది నా కళ్ళముందు ఉండటాన్ని. మధ్యాహ్నం తిన్న బిర్యానీ గిన్నెలు ఎవరు తోమారో, పార్క్ స్ట్రీట్‌లో మేం పాడుతున్నప్పుడు వంటగది వేడిలో ఎవరున్నారో నేను అడగలేదు. కనిపించిన ఒక్కడి దగ్గర మాత్రం నా నీతి మేలుకుంది. మేలుకుని ఏం చేసిందయ్యా అంటే, అతని బండిని రెండుసార్లు ఆపించింది.

ఆ రాత్రి నిద్ర పట్టకపోవటానికి ఇంకో కారణం ఉంది. మా ముత్తాత రంగం వెళ్ళొచ్చిన మనిషి. రంగూన్‌ని మా వైపు రంగం అనేవాళ్ళు. కళింగపట్నం రేవులో ఓడెక్కి వెళ్ళి, ఎనిమిదేళ్ళు అక్కడ "బండి తోలి", 1930లో రేవు కూలీల మీద గొడవలు జరిగాక వచ్చేశాడని మా నాయనమ్మ చెప్పేది. ఆ గొడవలు మన తెలుగు కూలీలకీ బర్మా వాళ్ళకీ మధ్యే. ఆయన తెచ్చిన డబ్బుతో ఎకరన్నర పొలం కొన్నారు, మా తాతని బడికి పంపారు. బండి తోలటం అంటే చిన్నప్పుడు నాకు జోడెద్దులు కనిపించేవి. కాలేజీలో ఉండగా రంగూన్ గురించి ఒక పాత వ్యాసం చదివితే, అక్కడ రిక్షాలు లాగిన వాళ్ళలో కోస్తా తెలుగువాళ్ళు చాలామంది అని ఉంది. నాయనమ్మని అడిగాను. "ఎద్దులెక్కడివిరా, ఆయనే" అంది, అని మాట మార్చేసింది.

ఆయన్ని ఎక్కి తిరిగినవాళ్ళు ఎవరో తెలీదు. వాళ్ళందరికీ నాలాగే సున్నితమైన మనసుండి నడిచొస్తామని ఉంటే ఆ ఎకరన్నర లేదు, తాతకి బడి లేదు, నాకు కలకత్తా లేదు. అయితే ఆ ఎక్కినవాళ్ళకి నేను రుణపడి ఉన్నానా? అదీ అనలేను. వాళ్ళు ఆయన బాగు కోసం ఎక్కలేదు, వాన పడుతోందని ఎక్కారు. నాయనమ్మ "తోలాడు" అనే మాటని డెబ్భై ఏళ్ళు కాపాడుకుందంటే, ఆ డబ్బు వెనక ఆవిడ దాచాలనుకున్న అవమానం ఎంతో కొంత ఉంది. తిండి పెట్టింది కాబట్టి అవమానం కాకుండా పోదు. అవమానం కాబట్టి తిండి పెట్టటం అబద్ధమూ కాదు.

ఆదివారం పొద్దున వాన తెరిపిచ్చాక, మిగతావాళ్ళు లేవకముందే బయటికెళ్ళి, సందు మొదట్లో ఆగి ఉన్న ఇంకో రిక్షా ఎక్కాను. న్యూ మార్కెట్ దాకా, అరవై రూపాయలు. కావాలనే ఎక్కాను. అతను నొగలు ఎత్తగానే సీటు వెనక్కి వాలింది, వీధి కిందికి దిగినట్టయింది. ఎత్తు మీద కూర్చుని ఒక మనిషి నడినెత్తి చూడటం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. చెవులు వేడెక్కాయి. ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూశాను, ఎవరూ చూడటం లేదు. కొంచెం దూరం పోయాక నేను చూస్తున్నది అటుపక్క టీ కొట్టుని, మట్టి ముంతల దొంతర్లని, ఒక పాత ఇంటి ఆకుపచ్చ కిటికీలని. ఎంత బావుందీ వీధి అనుకున్నాను. అనుకున్నాక ఉలిక్కిపడ్డాను. నా సిగ్గు ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. సినిమాలో ఎక్కువ డబ్బులిస్తాను ఇంకా వేగంగా పరిగెత్తమని తరిమి తరిమి చక్రం ఊడే దాకా తెచ్చే మనిషి ఉంటాడు. చూసినప్పుడు రాక్షసుడనుకున్నాను. వాడు అరగంట కూర్చున్న నేనే అని ఇప్పుడనిపించింది.

దిగాక టీ తాగుదామంటే నిలబడి తాగాడు. బీహార్ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళు. బండి తనది కాదు, రోజు అద్దె. నాట్లకీ కోతలకీ ఊరు వెళ్తాడు. నిషేధం సంగతి అడిగాను. "బంద్ చేస్తామన్నారు బాబూ. చేసి మాకేం ఇస్తారో చెప్పలేదు" అన్నాడు. ఆ చట్టాన్ని లాగేవాళ్ళ సంఘాలే వ్యతిరేకించాయి. విషయం కోర్టుకెళ్ళింది, అమలు ఆగింది. కొత్త లైసెన్సులు మాత్రం ఇవ్వటం లేదు. అంటే ఇప్పుడున్న వాళ్ళు ముసలివాళ్ళై రాలిపోతే రిక్షాలూ పోతాయి. ఎవరూ ఏమీ ఇవ్వకుండానే సమస్య తీరిపోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, రైల్లో మాస్టారే లేవదీశాడు. "అతనికి కావాలి కాబట్టి ఎక్కొచ్చు అంటే, టీ కొట్టులో గ్లాసులు కడిగే పదేళ్ళ పిల్లాడికీ ఆ పని కావాలి. వాడికీ అలాగే అంటావా?" అనను. మరి తేడా ఎక్కడ? చాలా సేపు వాదించుకున్నాం. నాకు తట్టింది ఇది. పిల్లాణ్ణి పనిలోంచి తీసేయమన్నప్పుడు మనం ఇంకోటి కూడా ఒప్పుకుంటున్నాం, వాడికి బడీ, బళ్ళో అన్నమూ మనందరం బాకీ అని. ఆ బాకీ తీర్చకుండా పని మాన్పించటం ఒక్కటే చేస్తే, అదీ అన్యాయమే. రిక్షా విషయంలో మేం మాన్పించటం గురించే మాట్లాడాం, బాకీ ఊసెత్తలేదు. ఊరికి మచ్చ పోతుంది, నాకు మనశ్శాంతి వస్తుంది, రెండింటి ఖర్చూ అతని రోజు కూలీలోంచి. ఒకరి అవమానాన్ని ఆపాలంటే ఆ ఖర్చు ఆపేవాళ్ళు పెట్టుకోవాలి. ఇతరుల చేత పెట్టించే ఖర్చుతో వచ్చే నీతి నీతి కాదని నాకనిపిస్తోంది.

కాబట్టి ఎక్కాలా వద్దా అన్నది నేను అనుకున్నంత పెద్ద ప్రశ్న కాదు. అది నా గురించి నేను వేసుకునే ప్రశ్న. అరవై ఏళ్ళొచ్చినా అతనికి ఇంకో దారి ఎందుకు లేదు అన్నది అతని గురించిన ప్రశ్న. మొదటిదానికి వానలో నిలబడి ఒక్క క్షణంలో జవాబు చెప్పేసి, రెండోదాన్నుంచి తప్పించుకున్నాను. నడిచొస్తే నేను మంచివాణ్ణయిపోతాను. ఆ తరవాత ఇక ఏమీ చెయ్యక్కర్లేదు. ఎక్కితే కనీసం సిగ్గు ఉంటుంది, అదీ ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాల్లోనే అడగాల్సింది అడగాలి, చెయ్యాల్సింది నిర్ణయించుకోవాలి. ఆ తరవాత వీధి బావుంటుంది.

ఏం నిర్ణయించుకున్నావని అడిగితే పెద్దవేమీ లేవు. బేరం ఆడకూడదు, తొందర పెట్టకూడదు, ఎత్తు వస్తే దిగాలి. మా ఇంటి పై అంతస్తు వచ్చే ఏడాది వేస్తున్నాం, తట్టలు మనుషులు మొయ్యకుండా లిఫ్టు పెట్టమని కంట్రాక్టరుకి అప్పుడే చెప్పాను. "పెడతాను. ఖర్చు పెరుగుతుంది, ఒప్పుకుంటావా?" అన్నాడు. ఒప్పుకుంటానన్నాను. "మరి ఆ ఇరవైమంది ఆడవాళ్ళకి ఆ రోజు కూలీ పోతుంది, అది ఎవరు ఇస్తారు?" అన్నాడు. బెర్తు మీద లేచి కూర్చున్నాను. నేను అప్పుడే అన్న మాట నా ఇంటికే వచ్చి తలుపు కొట్టింది. దానికి ఇంకా జవాబు చెప్పలేదు. లిఫ్టు అద్దెతో పాటు ఆ రోజు కూలీ కూడా లెక్క వేసి చెప్పమన్నాను. వేసి చెబుతానన్నాడు, వాడి మొహంలో నమ్మకం కనిపించలేదు.

మేనేజరు అప్పటికీ ఫోను పట్టుకునే ఉన్నాడు. "ఇంతకీ ఆ వంద?"

"నా సొంతం కింద రాయి" అన్నాను.

"దేనికని రాయను?"

"ఎక్కనందుకు."

వాడు నవ్వి, అలాగే రాసుకున్నాడు. పొద్దున ఇచ్చిన అరవై సంగతి కూడా అప్పుడు చెప్పాను. అదీ నా కిందే రాశాడు, 'ఎక్కినందుకు' అని.